తాళము ఒకరిది, తాళపుచెవి మరొకరిది
(గుట్టు కాపాడు సెల్‌ఫోను వ్యవస్థలపై ఒక విమర్శ)

ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని తెలుగు సామెత. బయటనుండి వచ్చు దొంగకు తలుపు, గడియ, కుక్క అడ్డము. ఇంటిలోనే కాపురమున్నవానికి ఇవేవియు అడ్డము కావు. నేటి స్మార్టుఫోనులో మనిషి గుట్టు ఎట్లు బయటపడుచున్నదో ఈ సామెత చక్కగా చెప్పును. ఫోను కొన్ననాడే దానిలో కాపురముండి వచ్చిన యాప్‌లు, సేవలు యజమాని కదలికలను గమనించి తమ్ము తయారుచేసిన సంస్థలకు కబురు పంపగలవు. వానిలో కొన్నిటిని తీసివేయుటకు యజమానికి హక్కు కూడ లేదు.

కడప జిల్లా వేంపల్లెలో ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుని దినచర్యనే తీసికొనవచ్చును. ఉదయము బడిలో హాజరు వేయుట ఫోనుతో. టీ అంగడిలో పైకము చెల్లించుట ఫోనుతో. చీనీకాయల ధర తెలిసికొనుట, కుమార్తె పరీక్షాఫలితము చూచుట, వైద్యునికి రక్తపరీక్ష కాగితము పంపుట ఫోనుతోనే. ఒక మనిషి జీవితమంతయు అరచేతి పలకలో ఇమిడినది. కనుకనే ఆ పలక ఎవరి మాట వినును అను ప్రశ్న నేడు పుట్టినది.

ఈ ప్రశ్నకు సమాధానముగా కొన్ని సంస్థలు "మా ఆపరేటింగ్ సిస్టము మీ గుట్టు కాపాడును" అని ముందుకు వచ్చినవి. ఆపరేటింగ్ సిస్టమనగా ఫోనులోని చిప్పులకును యాప్‌లకును నడుమ నిలిచి అందరిచేత పని చేయించు నిర్వహణ వ్యవస్థ. మన దేశమున 2023లో భరోస్ అను పేరుతో ఇట్టిదొకటి వెలువడి పత్రికలలో మిక్కిలి పేరు పొందినది. దానిని, దాని వంటి విదేశీ వ్యవస్థలను విజ్ఞానశాస్త్ర దృష్టితో తూచి చూచుట ఈ వ్యాసము ఉద్దేశము.

సీలు చూచి చేతులు మారు కట్ట

ఫోను మీట నొక్కగానే మొట్టమొదట మేలుకొనునది ప్రధాన చిప్పులో తయారీనాడే చెక్కబడిన ఒక చిన్న ఆదేశమాల. దానిని తరువాత మార్చుటకు వీలులేదు. అది బూట్‌లోడరు అను రెండవ ఆదేశమాలను పిలిచి, దానిపైనున్న డిజిటల్ సంతకము సరియైనదేనా యని పరీక్షించును. బూట్‌లోడరు తన వంతున ఆపరేటింగ్ సిస్టము సంతకమును పరీక్షించును. పదవ తరగతి ప్రశ్నపత్రముల కట్ట పోలీసు ఠాణానుండి చీఫ్ సూపరింటెండెంటునకు, అతనినుండి గదిలోని ఇన్విజిలేటరునకు సీలు చూచుకొని చేతులు మారునట్లే ఇదియును. నడుమ ఎక్కడ సీలు చెడినను మోసము బయటపడును.

ఈ ఏర్పాటు మంచిదే. కాని సీలు వేయు ముద్రిక ఎవరి చేతిలో నున్నది? ఫోను కొన్నవాని చేతిలో కాదు, తయారుచేసిన సంస్థ చేతిలో నున్నది. ఆ సంస్థ ఇచ్చిన వ్యవస్థను తీసి వేరొకటి పెట్టవలెనన్న మొదట బూట్‌లోడరు తాళము తీయవలెను. కొన్ని సంస్థలు తాళము తీయనే తీయనీయవు. తీయనిచ్చు ఫోనులలో కూడ పెక్కింటిలో కొత్త సీలుతో మరల తాళము వేయు వీలులేదు. అప్పుడు పాత గూఢచారి పోవును గాని, ఫోను చేజిక్కించుకొన్న దుర్మార్గుడు లోపలి వ్యవస్థను మార్చినను కనిపెట్టు దిక్కుండదు. దొడ్డిగుమ్మము మూసి తలవాకిలి తెరచినట్లగును.

మరియొక మాట. టవరుతో మాటలాడు మోడెము అను భాగము ఫోనులోనే యుండు వేరొక చిన్న కంప్యూటరు. దాని సాఫ్టువేరు చిప్పు తయారుచేసిన సంస్థ సొత్తు. బయటివారు చదువుటకు లేదు. సిమ్ము గుర్తు, 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య వలయమునకు తెలిసియే తీరును. ఫోను ఏ టవరు క్రింద నున్నదో తెలియనిదే పిలుపు చేరదు. కనుక ఎంత గొప్ప ఆపరేటింగ్ సిస్టమైనను ఈ విషయమున చేయగలిగినది స్వల్పము. "మా ఫోనుతో మీరు ఎవరికిని కనబడరు" అని ఎవరైన చెప్పినచో ఆ మాట నమ్మదగినది కాదు.

కొలతలు చెప్పిన సంగతి

ఇది అనుమానము మాత్రమే కాదు, కొలిచి చూచిన విషయము. ఐర్లండులోని డబ్లిన్ ట్రినిటీ కళాశాల ఆచార్యుడు డగ్లస్ లీత్ 2021 మార్చిలో ఒక పరిశోధన ప్రకటించెను. ముట్టుకొనక ఊరక పెట్టిన ఫోనులు కూడ సగటున నాలుగున్నర నిమిషములకొకమారు తమ తయారీ సంస్థలకు, అనగా ఆండ్రాయిడ్ ఫోను గూగుల్‌కును, ఐఫోను ఆపిల్‌కును, సమాచారము పంపుచున్నవని అతడు కనుగొనెను. రోజునకు 1,440 నిమిషములు. అనగా దాదాపు 320 మారులు. గూగుల్ ఆ కొలత పద్ధతిని ఒప్పుకొనలేదు. ఫోను సరిగా పనిచేయుటకు అట్టి సమాచారము అవసరమని సమాధానము చెప్పినది.

అదే సంవత్సరము అక్టోబరులో లీత్, ఎడింబరో విశ్వవిద్యాలయమువారితో కలిసి, ఐరోపాలో అమ్ముడగు శాంసంగ్, షియోమీ, హువావే, రియల్‌మీ ఫోనులను, వానితోపాటు లీనియేజ్‌ఓఎస్, ఈ-ఓఎస్ అను రెండు ప్రత్యామ్నాయ వ్యవస్థలను పరీక్షించెను. ఈ-ఓఎస్ తప్ప తక్కినవన్నియు గణనీయమైన సమాచారమును బయటికి పంపినట్లు తేలినది. లీనియేజ్‌ఓఎస్ స్వయముగా దోషి కాకున్నను, దానిపై గూగుల్ యాప్‌లు వేయగానే గూగుల్‌కు పోవు సమాచారము మామూలు ఫోనుతో సమానమాయెను. వ్యవస్థ మార్చినంత మాత్రమున చాలదని, దానిపై ఏమి వేసికొందురో కూడ చూడవలెనని దీనివలన తెలియుచున్నది.

ఈ ఫలితము మన రాష్ట్రమునకు దగ్గరి సంగతియే. షియోమీ సంస్థ 2015 ఆగస్టునుండి ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారమున ఫోనులు తయారు చేయించినది. ఫోను కూర్చిన చేతులు మనవైనను, అందులోని ఆదేశములు వ్రాసిన చేతులు మనవి కావు. "భారతదేశములో తయారైనది" అను ముద్రకును గుట్టు దక్కుటకును సంబంధము లేదు.

భరోస్: మెచ్చదగినది, మెచ్చరానిది

భరోస్‌ను మద్రాసు ఐఐటీ ఆధ్వర్యమునగల ప్రవర్తక్ ఫౌండేషన్ ప్రోత్సాహముతో జాండ్‌కాప్స్ అను సంస్థ తయారుచేసెను. ఐఐటీ సంచాలకుడు వి. కామకోటి 2023 జనవరిలో దీనిని ప్రకటించిరి. అదే నెలలో కేంద్రమంత్రులు ధర్మేంద్ర ప్రధాన్, అశ్వినీ వైష్ణవ్ దీనిని బహిరంగముగా పరీక్షించి చూచిరి.

ఇందులో మెచ్చదగినవి మూడు. మొదటిది, ముందుగా చొప్పించిన యాప్‌లు లేకపోవుట. ఇంటిదొంగకు ఇంటిలో చోటే లేకుండ చేయుట సరియైన ఆలోచన. రెండవది, ఒక సంస్థ తాను పరిశీలించిన యాప్‌లనే తనవారికి ఇచ్చు సొంత యాప్ అంగడి. మూడవది, దోషములు సవరించు నవీకరణములు తయారీదారునికై ఎదురుచూడక నేరుగా ఫోనునకు చేరు ఏర్పాటు.

మెచ్చరానివి కూడ మూడు కలవు.

భరోస్ గూగుల్ బహిరంగముగా ఇచ్చిన ఆండ్రాయిడ్ మూలముపై నిర్మింపబడినది. ఇది దోషము కాదు. ప్రపంచములోని గుట్టు కాపాడు వ్యవస్థలలో మేలైనవి పెక్కు అట్లే పుట్టినవి. పరుల బావినుండి నీరు తోడుకొనుటలో సిగ్గు లేదు. కాని ఆ నీటిని మన బావిదని చాటుట సరి కాదు. "పూర్తి స్వదేశీ" యని పత్రికలు చాటినపుడు ఈ సంగతి అంత గట్టిగా వినబడలేదు.

రెండవది గంభీరమైనది. ప్రకటించిననాడు దాని సోర్సుకోడు, అనగా మూల ఆదేశముల పాఠము, ప్రజల పరీక్షకు పెట్టబడలేదు. విజ్ఞానశాస్త్రములో ఒక ఫలితము నిలువవలెనన్న, ఇతరులు ఆ ప్రయోగమును మరల చేసి చూడగలుగవలెను. "మమ్ము నమ్ముడు" అనునది వ్యాపారపు మాట. ముందు గూగుల్‌ను నమ్మినవారు ఇప్పుడు వేరొకరిని నమ్మవలెనన్నచో, నమ్మకము చోటు మారినదే కాని, నమ్మవలసిన అవసరము తగ్గలేదు. సొంత యాప్ అంగడికిని ఈ మాట వర్తించును.

మూడవది జతగాని సంగతి. ఏ ఏ ఫోనులలో ఇది దొరకునో, ఎన్నేండ్లు నవీకరణములు వచ్చునో తెలుపు పట్టిక ప్రకటనతోపాటు రాలేదు. గట్టి గుట్టు అవసరమైన సంస్థలకు మొదట ఇచ్చుచున్నామని మాత్రమే చెప్పిరి. ఫోను చేయు సంస్థ లేనిదే ఆపరేటింగ్ సిస్టము అంగడికి రాదు. వేంపల్లె అంగడిలో అడిగి కొనుటకు వీలులేని వస్తువును ప్రజల వస్తువనుట తొందరపాటు.

జతగాండ్ర కథలు

ఫోను చేయువారికిని వ్యవస్థ వ్రాయువారికిని కుదిరిన పొత్తులు మన దేశములో ఎట్లు ముగిసినవో చూచిన ఈ మూడవ లోపము ఎంత పెద్దదో తెలియును.

యాప్‌ల అనుమతులను యజమాని చేతిలో పెట్టు ప్రైవసీ గార్డు అను ఏర్పాటుగల సయనోజెన్ వ్యవస్థ 2014లో వన్‌ప్లస్ ఫోనుతో మన దేశమునకు వచ్చినది. అంతలో ఆ సంస్థయే మైక్రోమాక్స్‌తో భారతదేశమునకు ప్రత్యేక ఒప్పందము చేసికొన్నది. తగవు ఢిల్లీ హైకోర్టుకెక్కి, 2014 డిసెంబరులో వన్‌ప్లస్ అమ్మకములు కొన్ని దినములు నిలిచిపోయినవి. సుమారు రెండేండ్లకు, 2016 చివర, సయనోజెన్ సంస్థ తన సేవలనే నిలిపివేసెను. మూల పాఠము బహిరంగముగా నుండుటచేత స్వచ్ఛంద సేవకులు దానిని లీనియేజ్‌ఓఎస్ అను పేరుతో బ్రతికించిరి. బహిరంగ పాఠమునకు గల బలమిదియే: సంస్థ మూతపడినను విద్య మిగులును.

మొజిల్లావారి ఫైర్‌ఫాక్స్‌ఓఎస్ 2014 ఆగస్టులో ఇంటెక్స్ ఫోనుపై రూ. 1,999కే దొరికినది. ధర చౌకయే గాని చిప్పు బలహీనము, యాప్‌లు తక్కువ. 2015 చివర మొజిల్లా ఆ ఫోనుల ప్రయత్నము విరమించుకొన్నది. ఫిన్లండు దేశపు సెయిల్‌ఫిష్ వ్యవస్థ 2016లో అదే ఇంటెక్స్‌వారి ఆక్వా ఫిష్ ఫోనుతో రూ. 5,499కు వచ్చి, నిలదొక్కుకొనలేకపోయినది.

తెలుగుతోసహా భారతీయ భాషలలో ఫోను నడుపు ఇండస్‌ఓఎస్ మైక్రోమాక్స్‌తోను, హైదరాబాదు సంస్థయగు సెల్‌కాన్‌తోను పొత్తు కుదుర్చుకొన్నది. ఆ దేశీయ ఫోను సంస్థలే అంగడిలో చతికిలబడగా, ఇండస్ ఆపరేటింగ్ సిస్టము పని వదలి యాప్ అంగడిగా మారినది. ఓడ మునిగినపుడు మంచి సరంగు కూడ మునుగును.

గ్రాఫీన్‌ఓఎస్ చెప్పు పాఠము

ఈ రంగములో నేడు నిపుణులు మిక్కిలి గౌరవించునది గ్రాఫీన్‌ఓఎస్. ఇది 2014లో కాపర్‌హెడ్ అను పేరుతో మొదలై, 2018లో ప్రారంభకుడు డేనియల్ మికే తన వ్యాపార భాగస్వామితో విడిపోయిన తరువాత, 2019నుండి ఈ పేరుతో నడచుచున్నది. సోర్సుకోడు అందరికిని కనబడును, వెల లేదు, విరాళములతో సాగును. ఏ యాప్‌నకు ఇంటర్నెట్ ఇయ్యవలెనో, ఏ యాప్‌నకు కదలిక తెలుపు సెన్సారులు ఇయ్యవలెనో యజమానియే నిర్ణయింపవచ్చును. గూగుల్ సేవలు కావలెనన్న, వానిని మామూలు యాప్‌ల వలె, ప్రత్యేకాధికారములు లేకుండ, ఒక మూల కూర్చుండబెట్టి వాడవచ్చును.

ఐతే గూగుల్‌నుండి తప్పించుకొనుటకు పుట్టిన ఈ వ్యవస్థ చిరకాలము గూగుల్‌వారి పిక్సెల్ ఫోనులపైననే నడచినది. ఇది విచిత్రముగా తోచును గాని కారణము శాస్త్రీయము. పిక్సెల్ ఫోను యజమానిని తన సొంత సీలుతో మరల తాళము వేయనిచ్చును. విడిగా భద్రతా చిప్పు కలిగియున్నది. 2023లో వచ్చిన పిక్సెల్ 8నుండి ఏడేండ్ల నవీకరణముల హామీ, జ్ఞాపకశక్తికి గుర్తులు వేయు ఏర్పాటు కూడ వచ్చినవి.

ఈ గుర్తుల ఏర్పాటు విద్యార్థులు తెలిసికొనదగినది. వేంపల్లె సమీపమున గండి క్షేత్రమునకు శ్రావణమాసములో పోవు భక్తుడు చెప్పులు అప్పగించి టోకెను తీసికొనుననుకొందురు గాక. టోకెను సంఖ్య, అరలోని సంఖ్య కలిసిననే చెప్పులు ఇత్తురు. చిప్పు కూడ జ్ఞాపకశక్తిని 16 బైట్ల చొప్పున అరలుగా విభజించి, ఒక్కొక్క అరకు 16 గుర్తులలో నొకటి వేయును. ఆ అరను చేరవలసిన ఆదేశమునకు అదే గుర్తుగల టోకెను ఇచ్చును. దుష్ట ప్రోగ్రాము పరుల అరలో చేయి పెట్టినచో గుర్తులు సాధారణముగా కలియవు. వెంటనే ఆ ప్రోగ్రాము ఆగిపోవును. ఇట్టి కాపలాను సాఫ్టువేరు ఒక్కటే ఇంత వేగముగా చేయజాలదు. చిప్పులోనే ఏర్పాటుండవలెను. మంచి వ్యవస్థకు మంచి జతగాడు ఏల కావలెనో దీనివలన స్పష్టము.

ఆ జతగానిపై ఆధారపడుటలోని అపాయము 2025 జూనులో బయటపడినది. ఆండ్రాయిడ్ 16తో గూగుల్ పిక్సెల్ ఫోనులకు సంబంధించిన కొన్ని మూల వివరములను బహిరంగముగా ఇచ్చుట మానివేసెను. గ్రాఫీన్‌వారి పని కష్టమాయెను. అదే సంవత్సరము అక్టోబరులో వారు మరియొక పెద్ద తయారీ సంస్థతో కలిసి పనిచేయుచున్నట్లు తెలిపిరి. కాలిక్స్‌ఓఎస్ అను ఇటువంటి మరియొక వ్యవస్థ 2025 ఆగస్టులో తాత్కాలికముగా పని నిలిపివేయవలసివచ్చినది. తాళము ఎంత గట్టిదైనను తాళపుచెవి పరుల చేతిలో నున్నంతకాలము ఈ బెంగ తప్పదు.

ధర సంగతి కూడ మరువరాదు. చౌకరకమను పిక్సెల్ 8ఏ ఫోను 2024 మే నెలలో మన దేశమున రూ. 52,999కి విడుదలయ్యెను. అంత పెట్టి కొన్నను, కొన్ని బ్యాంకు యాప్‌లు "ఈ ఫోను గూగుల్ ఆమోదము పొందినది కాదు" అని పనిచేయ నిరాకరించును. భద్రతలో మిన్నయైన ఫోనే ద్వారము వద్ద ఆగిపోవుచున్నది. ఈ తప్పు ఆపరేటింగ్ సిస్టముది కాదు. గూగుల్ ముద్రనే భద్రతగా భావించు యాప్ నిర్మాతలది.

బడి గుమ్మము వద్ద

పాఠశాలకు ఈ చర్చ దూరమైనది కాదు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ ముఖచిత్రముతో ఉపాధ్యాయుల హాజరు వేయు యాప్‌ను ప్రవేశపెట్టినపుడు, దానిని సొంత ఫోనులలో వేసికొనుటకు ఉపాధ్యాయ సంఘములు అభ్యంతరము చెప్పి, శాఖయే పరికరములు ఇయ్యవలెనని కోరినవి. ఆ తగవులో హాజరు క్రమశిక్షణ ఎంత గలదో, "నా ఫోను ఎవరి మాట వినవలెను?" అను ప్రశ్న కూడ అంతే గలదు.

అదే ఏడు డిసెంబరు 21నుండి ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు 5 లక్షలకు పైగా శాంసంగ్ ట్యాబులు పంచిరి. పాఠములు తప్ప తక్కినవి తెరువరాకుండ సాఫ్టువేరు తాళము వేసిరి. పిల్లల మేలుకొరకు వేసిన తాళమే ఐనను, ఇట్టి సాఫ్టువేరు సాధారణముగా పరికరమును దూరమునుండి గమనించుటకును పనికివచ్చును. తాళపుచెవి ఎవరిది, దానితో ఏమి చూడవచ్చును, ఏమి చూడరాదు అను నియమము వ్రాతలో నుండుట న్యాయము. 2017 ఆగస్టు 24న సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిరి. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారి సమాచారమునకు ప్రత్యేక రక్షణ చెప్పినది.

చట్టమున్నను మెలకువ అవసరము. 2025 నవంబరు చివర కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ యాప్‌ను కొత్త ఫోనులన్నిటిలో ముందుగా చొప్పించి అమ్మవలెనని తయారీదారులను ఆదేశించెను. విమర్శలు రాగా డిసెంబరు 3న ఆ ఆదేశమును ఉపసంహరించుకొన్నది. యాప్ ఉద్దేశము దొంగ ఫోనులను పట్టుటయే ఐనను, యజమాని అనుమతి లేక ఇంటిలో కాపురము పెట్టరాదను సూత్రము నిలిచినది.

కొలబద్ద ఇంటి వద్దనే కలదు

భరోస్ వంటి ప్రయత్నమును ఏ కొలబద్దతో కొలువవలెను? దానికి దూరము పోనక్కరలేదు. కడప నగర సమీపమున కొప్పర్తిలో 2021 డిసెంబరులో ప్రారంభమైన ఎలక్ట్రానిక్స్ తయారీ కేంద్రములో నిఘా కెమేరాలు తయారగుచున్నవి. మన దేశములో అమ్ము అట్టి కెమేరాలకు 2025 ఏప్రిలు 9నుండి కేంద్రప్రభుత్వము భద్రతా పరీక్షను తప్పనిసరి చేసినది. ఆ పరీక్షలో కెమేరాతోపాటు సాఫ్టువేరు, సోర్సుకోడు కూడ గుర్తింపుపొందిన ప్రయోగశాలకు చూపవలెను. వీధిమూల కెమేరాకు ఇంత పరీక్ష కావలసినపుడు, పడకగదిలో సైతము వెంటనుండు ఫోనునకు గుట్టు కాపాడుదునని చెప్పుకొను వ్యవస్థ దానికన్న పెద్ద పరీక్షకు తానే ముందుకు రావలెను.

కామకోటి బృందమే మద్రాసు ఐఐటీలో శక్తి అను ప్రాసెసరును నిర్మించినది. దాని చిప్పు ఒకటి 2018లో చండీగఢ్ సమీపములోని ప్రభుత్వ కర్మాగారమున తయారయ్యెను. ఆ నిర్మాణపు వివరములను అందరికిని బహిరంగముగా పెట్టిరి. ఫోను నడుపునంతటి చిప్పు కాకున్నను, ఆ మార్గము సరియైనది. చిప్పు విషయములో పాటించిన బహిరంగత ఆపరేటింగ్ సిస్టము విషయములో పాటింపకుండుట న్యాయముగా తోచదు.

ఉపాధ్యాయులు, విద్యార్థులు నేడే చేయదగిన పనులును గలవు. ఫోనులోని యాప్‌ల అనుమతుల పట్టికను తరగతిలో తెరచి, ఏ యాప్ మైకు, కెమేరా, స్థలము అడిగినదో, దాని పనికి అది అవసరమా యని చర్చింపవచ్చును. అక్కరలేని అనుమతులను తొలగింపవచ్చును. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12నుండి మైకు, కెమేరా పనిచేయునపుడు తెర మూల పచ్చని చుక్క వెలుగును. దానిని గమనించుట అలవాటు చేసికొనవలెను. వేంపల్లె మండలములోనే ఇడుపులపాయలో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము కలదు. పాత ఫోనుపై లీనియేజ్‌ఓఎస్ వేసి, గూగుల్ యాప్‌లతోను, అవి లేకుండను ఒక దినమునకు ఎన్నిమారులు సమాచారము బయటికి పోవునో లెక్కించుట అచటి విద్యార్థులకు తగిన ప్రయోగము. డబ్లినులో చేసిన కొలత ఇడుపులపాయలో చేయరానిది కాదు.

భరోస్‌పై తుది తీర్పు ఇప్పుడే చెప్పుట తగదు. సోర్సుకోడు ప్రకటించి, పనిచేయు ఫోనుల పట్టిక ఇచ్చి, నవీకరణములకు గడువు చెప్పి, తాళము మరల వేయు వీలు యజమానికి కల్పించిననాడు అది తన పేరునకు తగిన భరోసా కాగలదు. ఈ నాలుగును నెరవేరువరకు దానిని మంచి ప్రయత్నమని మాత్రమే చెప్పవచ్చును.